పులిసిన గంజి, ఎండిన తునక: వాడ వంటింటి ముందుచూపు

'కూలోళ్ళకు రేపటి యావ ఉండదు' అనే మాట మనం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఊర్లో ఆసాములు అన్నారు, పట్నంలో ఆఫీసర్లు అన్నారు, పొదుపు పాఠాలు చెప్పడానికి వాడకొచ్చినవాళ్ళు కూడా కాస్త మర్యాదగా అదే అన్నారు. చేతిలో నాలుగు రూపాయలు పడితే ఆ పూటే తిని పడుకుంటారనీ, వారం గురించి, నెల గురించి ఆలోచించే అలవాటు వీళ్ళకు లేదనీ దాని సారం. ఈ మాట అనేవాళ్ళెవరూ వాడలో ఒక ఇంటి లోపలికొచ్చి ఉట్టి మీద ఏముందో, పొయ్యి పైన దండేనికి ఏం వేలాడుతుందో, మూలనున్న కుండ మూత తీస్తే ఏం వాసనొస్తుందో చూసినవాళ్ళు కారు. చూసే వీలూ లేదు. లోపలికొస్తే మైల గద.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ ఉట్టి గురించి, ఆ దండెం గురించి, ఆ కుండ గురించి. తెలుగువాళ్ళ తిండి చరిత్ర రాసినవాళ్ళు ఆవకాయ గురించి రాశారు, గోంగూర గురించి రాశారు, పెళ్ళి భోజనాల గురించి పేజీలకు పేజీలు రాశారు. మేము చూసినంతలో వంటల పుస్తకాల్లో ఎండు తునకల కూర లేదు, జొన్న గటక లేదు, కలి కుండ లేదు. పుస్తకంలో లేనిది చరిత్రలో లేనట్టే లెక్క. కానీ వంట అంటే రుచి మాత్రమే కాదు. ఎన్ని నీళ్ళు దొరుకుతాయి, పొయ్యిలోకి ఏం దొరుకుతుంది, కూలి ఏ రోజు చేతికొస్తుంది, ఎవరి ఇంటి ముందు చెప్పులు విడవాలి, ఇవన్నీ కలిస్తేనే ఒక కూర అవుతుంది.

ముందు నీళ్ళ సంగతి. ఊరి బావి మనది కాదు. వాడకు బావి లేనిచోట వాగు చెలిమె నుంచో, చెరువు నుంచో, లేకపోతే ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి ఎవరో ఒకరు జాలిపడి పోసినవో తెచ్చుకోవాలి. అట్ల తెచ్చిన రెండు బిందెలతో ఎసరు పెట్టాలి, తాగాలి, పిల్లల ముఖాలు కడగాలి. రెండు పూటలా వండటానికి ఆ నీళ్ళు చాలవు. 1927 మార్చిలో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ నాయకత్వంలో జరిగిన పోరాటం నీళ్ళు తాగే హక్కు కోసం అని మనం చదువుకుంటాం. నిజమే, కానీ నీళ్ళ హక్కు అంటే వంట హక్కు కూడా. 1985 జులై 17న కారంచేడులో జరిగిన ఊచకోతకు ముందురోజు తగవు పుట్టింది మాదిగపల్లె వాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గరే. ఆ నీళ్ళను పశువులతో పాడుచేయొద్దని అన్నందుకు తగవు మొదలైంది. ఆ నీళ్ళే కుండలోకి పోయేవి.

నీళ్ళ తర్వాత పొయ్యి. అడివి ఉన్నచోట కట్టెలు, లేనిచోట తుమ్మ కంప, పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు. కంది కట్టె అయినా ఆసామి చేలోంచి ఏరుకోవడానికి అడగాలి. పొద్దు పొడవకముందే నాట్లకో, కలుపుకో పోవాల్సిన మనిషి తెల్లవారి వంట చేయడం కుదరదు. కాబట్టి వాడలో వంట రాత్రి వంట. ఒక్క పొయ్యి, ఒక్కసారి మంట. ఆ మంట మీద రాత్రికి, మర్నాటి పొద్దుటికి, మధ్యాహ్నం గట్టు మీదికి మూడు పూటలకు సరిపోను వండుకోవాలి. ఇప్పుడు పట్నాల్లో 'ముందే వండి పెట్టుకోవడం' అని కొత్తగా నేర్పుతున్న విద్య మన అమ్మమ్మలకు బతుకే. తెలంగాణలో దాన్ని సద్ది అన్నారు, కోస్తాలో చద్ది అన్నారు. సద్ది మూట ఎత్తుకోకుండా కూలికి పోయినవాళ్ళు లేరు.

జొన్న తినే ప్రాంతంలో గటక. జొన్నల్ని ఇసుర్రాయి మీద రవ్వగా ఇసిరి, పిండిని వేరుచేసి, మరుగుతున్న ఎసట్లో రవ్వ పోసి కలుపుతూ ఉడికిస్తే గట్టిపడుతుంది. రాత్రి వేడివేడిగా పచ్చిపులుసుతో తింటారు. మిగిలినదాన్ని నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి కొంచెం పులుపెక్కుతుంది. పొద్దున చల్ల ఉంటే చల్ల, లేకపోతే ఉప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. వేరుచేసిన పిండి అంబలికి పోతుంది, రొట్టెకు పోతుంది. ఏదీ పారేసేది లేదు. రాయలసీమలో ఇదే పని రాగి సంగటి చేసింది, ఉత్తరాంధ్రలో చోళ్ళ అంబలి చేసింది. వరి పండే డెల్టాలో మాత్రం విచిత్రం చూడండి. పంట మనోళ్ళ చేతులమీద పండింది, మన ఇంటికి వచ్చింది నూకలు. దంచే రోజుల్లో ఆసామి ఇంట వడ్లు దంచి, బియ్యం లోపల పోసి, నూకలూ తవుడూ కొంగులో కట్టుకొని వచ్చినవాళ్ళు మన ఆడోళ్ళు. నూకల జావ, నూకల అన్నం, నూకల ఉప్మా. ఉప్మా అనే పేరు తర్వాత వచ్చింది గానీ పని అదే.

కలి కుండ గురించి కొంచెం ఆగి చెప్పాలి. అన్నం వార్చిన గంజినీ, బియ్యం కడిగిన నీళ్ళనీ ఒక మట్టి కుండలో పోసి ఉంచుతారు. రోజూ కొంత తీస్తారు, రోజూ కొంత పోస్తారు, అడుగున కాస్త మాత్రం ఎప్పుడూ మిగులుస్తారు. ఆ మిగిలిందే మర్నాటిదాన్ని పులియబెడుతుంది. పాలు తోడుపెట్టే సూత్రమే ఇది, కాకపోతే పాలు లేని ఇంట్లో. అన్నాన్ని ఈ కలిలో నానబెడితే ఎండాకాలం కూడా పొద్దుటిదాకా పాడవదు. పులుపు వల్ల చెడు క్రిములు పెరగవు, ధాన్యంలో ఉన్న ఇనుము ఒంటికి మరింత బాగా పడుతుంది అని ఇవాళ పోషకాహార శాస్త్రం చెప్తుంది. బ్రాహ్మణ ఇళ్ళల్లో ఇదే పద్ధతికి తరవాణి అని పేరు, దానికి మడి, ఆచారం. మన ఇళ్ళల్లో అదే కుండకు 'వాసన'. ఒకే పులుపు ఒక గడపలో ఆచారమైంది, ఇంకో గడపలో మురికైంది.

నిలవ పెట్టే పద్ధతిలో కూడా కులం ఉంది. ఊర్లో నిలవ అంటే నూనె. ఆవకాయ జాడీలో ముక్క మునిగేదాకా నువ్వుల నూనె పొయ్యాలి. వాడలో అంత నూనె ఎక్కడిది? అందుకని వాడ నిలవ ఎండ మీద, ఉప్పు మీద నిలబడింది. వంకాయలు, గోరుచిక్కుళ్ళు చవకగా దొరికిన రోజుల్లో కోసి ఎండబెడితే ఒరుగులు. చింతచిగురు ఎండబెట్టి దంచి పెట్టుకుంటే వానాకాలం దాకా పులుసుకు పులుపు. పుంటికూర, ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి నూరిన తొక్కుకు నూనె ఆ పూటకు రెండు చుక్కలు చాలు, అదీ ఉంటే. సముద్రం దగ్గరి పల్లెల్లో మెత్తళ్ళు, సావడాయిలు, ఎండు రొయ్యలు. ఇవి సంతలో చారెడు కొన్నా వారమంతా నీళ్ళ పులుసుకు రుచినిస్తాయి. ఇక చేలల్లో ఎవరూ వెయ్యకుండా మొలిచే ఆకుకూరలు, తుమ్మి, దొగ్గలి, పొన్నగంటి, గునుగు, చెన్నంగి. ఆసామికి ఇవి కలుపు. ఆ కలుపు తీయడానికి కూలికిపోయిన ఆడమనిషి ఒడి నింపుకొని ఇంటికి తెస్తే అది కూర. కలుపు మందులు వచ్చాక ఆ కూలీ పోయింది, ఆ కూరా పోయింది.

ఇప్పుడు తునకల దగ్గరికి రావాలి. గొడ్డు కోసినరోజు వాడకు పండగే. పచ్చి కూర ఆ రోజుకూ మర్నాటికీ. మిగిలినదాన్ని వేలెడు మందాన పొడుగ్గా చీరి, ఉప్పు, పసుపు పట్టించి దండేనికి వేలాడదీస్తారు. మంచి ఎండలో మూడు నాలుగు రోజులకు ఒట్టి చెక్కలాగా అవుతుంది. ముసురు పట్టిన రోజులైతే పొయ్యి పైన కడతారు, పొగ తగిలి నిలుస్తుంది. కాకులు ఎత్తుకుపోకుండా కాపలాకు పిల్లల్ని కూచోబెడతారు, మాలో చాలామందిమి ఆ కాపలా కాసినవాళ్ళమే. ఎండినవి కుండలో వేసి వాసెన కట్టి పెడితే నెలల తరబడి ఉంటాయి. వండేరోజు వేడినీళ్ళల్లో నానబెట్టి, రోట్లో నాలుగు పోట్లు వేసి, పుంటికూరతోనో, చుక్కకూరతోనో, చింతపులుసుతోనో ఉడికిస్తారు. ఐదుగురికి గుప్పెడు తునకలు చాలు. రుచంతా పులుసులోకి దిగుతుంది. నిజాం పాలనలో మనతోపాటు ఉన్న మరఠ్వాడాలో దీన్ని చాన్యా అంటారు. అక్కడి దళితుల తిండి గురించి శాహూ పాటోళే 2015లో మరాఠీలో పుస్తకం రాశారు. దాని ఇంగ్లీషు అనువాదం 2024లో వచ్చింది. మన తెలుగులో అంత సాకల్యంగా అట్లాంటి పుస్తకం రావాలి.

తునకల గురించి గర్వంగా రాసి ఊరుకుంటే సగం నిజమే రాసినట్టు. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం మనకు ఊరు అంటగట్టిన వెట్టి. ఆ వెట్టికి 'కూలి' ఆ గొడ్డు మాంసమే. ఈ పనిని ధిక్కరించడం మన చరిత్రలో ఒక పెద్ద తిరుగుబాటు. 1860లు, 70లలో ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషన్‌లో చేరిన మాదిగలకు జాన్ క్లౌ పెట్టిన మొదటి నియమాలు మూడే. ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడూ ఊరి పెద్దలకు కంటగింపయ్యాయి. మొదటిది తీసుకుంటే, ఏడో రోజు పని మానడం అంటే ఆరు రోజుల కూలితో ఏడు రోజులు తినడం. ఆ ఏడో రోజు అన్నం ఎక్కడ్నుంచి వచ్చింది? ముందు ఆరు రోజులూ పిడికెడు పిడికెడు మిగిల్చిన ఆడోళ్ళ చేతుల్లోంచి. మతచరిత్రలు రాసినవాళ్ళు 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని లెక్క రాశారు. ఆ పిడికిళ్ళ లెక్క మాత్రం రాయలేదు.

1927లో మహాడ్‌లో అంబేడ్కర్ కూడా ఇదే చెప్పారు. చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి కూడు అడుక్కోవడం మానండి అని. 1948లో ఆయన రాసిన 'అంటరానివారు' గ్రంథంలో గొడ్డు మాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్నే చరిత్రగా విడమరిచారు. దీన్ని పట్టుకొని 'అంబేడ్కరే వద్దన్నాడు గద' అని మనల్ని దబాయించేవాళ్ళున్నారు. ఆయన వద్దన్నది వెట్టిని, ఎంగిలిని. చచ్చినదాన్ని ఈడ్చి తినమని ఊరు ఆజ్ఞాపించడం వేరు, డబ్బిచ్చి సంతలో కొనుక్కొని మన ఇష్టంతో మనం వండుకోవడం వేరు. ఈ తేడా తెలియక మనలోనే కొందరు రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. ఇది ఇంకా తేలని చర్చే. మాలో కూడా అందరిదీ ఒకే అభిప్రాయం కాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం ఆవునూ, దూడల్నీ పూర్తిగా నిషేధించింది, ఎద్దు, దున్న లాంటివాటికి ఇక పనికిరావని అధికారి సర్టిఫికెట్ కావాలంది. దాని తర్వాత దండెం మీద వేలాడే తునక ఏ గొడ్డుదో రుజువు చేసుకోవాల్సిన భయం వాడ మీద పడింది. పట్నంలో అద్దె ఇంటి మేడ మీద ఎండబెట్టే ధైర్యం ఎవరికి? 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపితే ఆ రాత్రి దాడులు జరిగాయి, పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఒక కూర వండుకొని నలుగురిలో తిన్నందుకు!

కరువు లేకుండా మన వంట చరిత్ర లేదు. 1876-78 ధాత కరువులో మద్రాసు రాజధాని జిల్లాల్లో, ముఖ్యంగా బళ్ళారి, కర్నూలు, కడప వైపు, జనం పిట్టల్లా రాలిపోయారు. కరువు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొన్ని కానులు చాలని 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే తెల్ల అధికారి ఖాయం చేశాడు. అంతకుముందు ఉన్నది పౌనున్నర. ఒక పౌను అంటే 450 గ్రాముల చిల్లర. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే లెక్క అని వాదించాడు. ఆ 450 గ్రాములను ఒక ఆడమనిషి కుండలోకి ఎట్ల సాగదీసిందో ఊహించుకుంటే తెలుస్తుంది, నీళ్ళు ఎక్కువ పోసి జావ కాచడం మనకు రుచి కోసం అలవాటైంది కాదని. జావ అంటే గింజను నీళ్ళతో గుణించడం.

నూరేళ్ళ తర్వాత ఇంకో లెక్క చూద్దాం. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి మించితే 25 కిలోలు. వాడలో దాని విలువ తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో మేము ఏకీభవించం. తెల్లన్నం పండగనాడు మాత్రమే తిన్న తరానికి అది గౌరవం కూడా. కానీ ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి రోజుకు అర కిలో బియ్యమైనా కావాలి. ఐదుగురున్న ఇంట్లో రోజుకు రెండున్నర కిలోలు వేసుకుంటే 25 కిలోలు సరిగ్గా పది రోజులు. మిగతా ఇరవై రోజులు? కోటా వచ్చిన రోజు పండగ చేసుకోకుండా, అదే సంచిలో నూకలు కలిపి, వారానికి రెండు రోజులు గటక పెట్టి, ఒక పూట గంజితో సరిపెట్టి నెల దాటించిన గృహిణికి ఏ ప్రణాళికా సంఘం సభ్యుడూ సాటిరాడు. 1996లో చంద్రబాబు ప్రభుత్వం కిలో ధర మూడున్నర చేసినప్పుడు ఈ లెక్కంతా మళ్ళీ తిరగరాయాల్సి వచ్చింది. 2008లో తిరిగి రెండు రూపాయలైంది, 2011లో ఒక రూపాయి, 2023 నుంచి ఉచితం. తెలంగాణలో 2025 నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు.

బియ్యం రాకతో పోయింది కూడా ఉంది. కోటాలో జొన్నలు లేవు, కాబట్టి చేలో జొన్న తగ్గింది, ఇసుర్రాయి మూలనపడింది. ఇక్కడ కూడా పాత రోజులు బంగారం అని మేము రాయం. 1960లో హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య ఒక సంగతి బయటపెట్టారు. జొన్న ఒక్కటే తిని బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు వస్తోందని. చర్మం పగిలి నల్లబడటం, విరేచనాలు, ముదిరితే మతి చలించడం. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండటం దానికి కారణం కావచ్చని వాళ్ళ వాదన. ఆ జబ్బుకు మందు నయాసిన్ అనే విటమిన్. అది మాంసంలో ఉంటుంది, పల్లికాయలో ఉంటుంది. గటకలోకి గుప్పెడు తునకలు, పిడికెడు పల్లీల తొక్కు ఉన్న ఇల్లు వేరు, ఉత్త గటక మీద బతికిన ఇల్లు వేరు. తునక మీద పెట్టే ఆంక్ష మతం సంగతిగానే చర్చకొస్తుంది, ఆరోగ్యం సంగతిగా ఎవరూ మాట్లాడరు.

జహీరాబాద్ వైపు మాత్రం ఇంకో దారి వేశారు. అక్కడ 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడోళ్ళే. 1990ల మధ్యలో వాళ్ళు పడావు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి, జొన్న పండించి, అప్పును గింజల రూపంలో తీర్చి, ఆ గింజల్ని ఊర్లోనే నిలవ చేసుకొని, పనులు దొరకని నెలల్లో ఊరి నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. ఎవరు నిరుపేద అనేది కూడా వాళ్ళే కూచొని తేల్చుకున్నారు. బియ్యం కోటాకు ఇది జొన్న కోటా. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అవే కొర్రలు, అవే సజ్జలు అద్దాల షాపుల్లో కూచున్నాయి. కొనలేని ధర అయ్యాక వాటికి గౌరవం వచ్చింది. ఈ గింజలు తిన్నందుకు మన తాతల్ని ఎగతాళి చేసిన కులాలవాళ్ళే ఇప్పుడు షుగరుకు మంచిదని తింటున్నారు. తిననీయండి. విత్తనం ఎవరి గురుగుల్లో దాగి బతికిందో మాత్రం రాసిపెట్టుకుందాం.

ఈ ముందుచూపుకు ధర ఎవరు చెల్లించారో చెప్పకపోతే అన్యాయం. మిగల్చడం అంటే ఎవరో ఒకరు తక్కువ తినడం. ఆ ఒకరు ఎప్పుడూ వండిన మనిషే. కుండలో అడుగు కనబడేసరికి 'నాకు ఆకలిగా లేదు' అన్న అమ్మలు మనలో ఎవరికి లేరు? దళిత సాహిత్యం ఊరి మీద తిరగబడినంతగా ఈ పొయ్యి దగ్గరి అన్యాయం మీద తిరగబడలేదు. మాదిగవాడ వంటిల్లు మాలవాడ వంటింటికి కూడా కొన్నిసార్లు 'వాసన' అనిపించింది, అది కూడా ఒప్పుకోవాలి.

హాస్టలు రోజులు గుర్తుచేసుకుంటే మాకు ముందు గుర్తొచ్చేవి సీసాలు. సెలవులయ్యాక పెట్టెలో పుస్తకాల అడుగున పుంటికూర తొక్కు సీసా, పల్లికారం పొట్లం, పాత గుడ్డలో చుట్టిన తునకలు. మెస్‌లో నీళ్ళచారు పోసిన రోజు ఆ సీసా మూత తీస్తే చుట్టూ పదిమంది. తునకల గుడ్డ మాత్రం అందరి ముందు విప్పేవాళ్ళం కాదు. రాత్రి లైట్లు ఆర్పాక, ఎవరి గదిలోనో స్టౌ మీద, తలుపు కింద తువ్వాలు దూర్చి వండుకునేవాళ్ళం. వాసన బయటికి పోకూడదు. ఒకసారి పోయింది. పక్క గదుల వాళ్ళు ఫిర్యాదు చేస్తే వార్డెన్ వచ్చి గిన్నె బయట పారబోయించాడు. ఆ వారానికి అదే మా కూర. మర్నాడు మాలో ఒకరు ఇంటికి ఉత్తరం రాశారు, తునకలు అయిపోయినయి, ఈసారి కొంచెం ఎక్కువ పంపమని. నెల తిరిగేసరికి ఊరి నుంచి వచ్చినవాళ్ళ చేతికి మూట ఇచ్చి పంపింది వాళ్ళమ్మ. లోపల తునకలు, వాటి పైన వాసన తెలియకుండా రెండు వరసలు మెంతాకు ఎండబెట్టి పరిచి ఉంది.